మీరు ఇప్పటికే పైన ఉన్నారు

లాగ్ 1. బుధవారం

నిద్ర బాగానే పట్టింది. జ్వరం లేదు. పొద్దున చద్దన్నం, ఎండు చేపల పులుసు తిన్నాను.

ఇలా రోజూ రాసిపెట్టమని డాక్టరు బెహరా గారి ఆజ్ఞ. ఉప్పునీటి మర దగ్గర పక్కన పడేసిన లాగ్ పుస్తకం ఒకటి ఉంటే, దాని వెనక పేజీల్లో రాస్తున్నాను. ముందు పేజీలన్నీ సముద్రం ఎంత లోపలికొచ్చింది, మంచినీరు ఎంత బయటికెళ్ళింది అనే లెక్కలే. పదకొండేళ్ళుగా అవే రాస్తున్నదాన్ని, నా ఒంటి సంగతి రాయడం కొత్తగా ఉంది.

డాక్టరుగారు ఉండేది పైన, ఆకాశంలో కట్టిన ఎగువపేట ఆసుపత్రిలో. నేనుండేది కింద, ఆ ఊరి నుంచి సముద్రం దాకా దిగిన తాడు మొదట్లో, నీళ్ళమీద తేలే రేవుపేటలో. తాడు బండి రెండు రోజులు ఎక్కితే గానీ పైకి చేరదు. అది కూడా వారానికి రెండుసార్లే కదులుతుంది, బుధవారం ఒకసారి, శనివారం ఒకసారి, మధ్యాహ్నం పన్నెండుకి.

మా చెల్లెలు అసిరమ్మ పైనే ఉంది. ఎగువపేట గోడలకు బయటివైపు నుంచి అతుకులు వేసే పని దానిది. ఆరేళ్ళు గాలి అడ్డు కూడా లేని ఆ ఎండలో పనిచేసేసరికి ఎముకల్లో మూలుగ చెడిపోయింది. కొత్త రక్తం పుట్టడం లేదు. దాన్ని కిందికి దింపితే బండి కుదుపుకే తట్టుకోదట. నా మూలుగ దానికి సరిపోతుందని కిందటి నెల తేలింది. నేను పైకి చేరాక దానికి నాలుగు రోజులు మందు ఎక్కిస్తారు. ఆ మందు పాడైన మూలుగను మొత్తం తుడిచేస్తుంది. అయిదో రోజున నాది ఎక్కించాలి. మందు మొదలయ్యాక వెనక్కి తిరగడం ఉండదు, నాది అందకపోతే మనిషి దక్కదు. అందుకే మీరు చేరినట్టు తెలిశాకే మొదలుపెడతాం అని డాక్టరుగారు ఒకటికి రెండుసార్లు చెప్పారు.

టికెట్టు శనివారం బండికి. వెన్నెల కార్డు మీద తీసుకున్నాను. ఆ కార్డు లేనివాళ్ళకు సీటు దొరకాలంటే మూడు నెలలు ఆగాలి, నాకంత వ్యవధి లేదు. దాంతోపాటు 'గుమ్మం నుంచి గుమ్మానికి' అని ఒక ఆఫరు అంటగట్టారు. బ్యాగుకు కట్టుకోమని వేలెడంత పట్టీ పంపారు. అది మా గుమ్మం దాటిన క్షణం నుంచీ నా పూచీ వాళ్ళదట. వద్దన్నా వినరు కదా, కట్టుకున్నాను.

పక్కింటి గున్నమ్మ పిన్నికి నా ప్రయాణం శనివారమని తెలిసి ముఖం మాడింది. తాడు మాకు తూర్పున ఉంది, శనివారం తూర్పుకు వారశూల. "వారశూలలో ఎల్తే పని సగంలో ఆగిపోద్ది. బుదారం మంచిది. బ్యాగు అట్టుకొచ్చి మా ఇంటికాడ పెట్టేయ్, బయల్దేరిపోయినట్టే లెక్క," అంది. ప్రస్థానం పెట్టడం మా అమ్మ కాలం నుంచీ ఉన్నదే. మంచి రోజున సామాను గడప దాటించి, వెళ్ళే దిక్కున ఇంకొకరింట్లో ఉంచుతారు. మనిషి ఎప్పుడు కదిలినా ప్రయాణం ఆ మంచి రోజునే మొదలైనట్టు. నాకు ఇలాంటి వాటి మీద పెద్ద నమ్మకం లేదు. కానీ చెల్లెలి ప్రాణం విషయంలో లేని నమ్మకాలన్నీ పుట్టుకొస్తాయి.

తొమ్మిదీ నలభైకి బ్యాగు పిన్ని ఇంట్లో పెట్టి, ఆవిడ చేత బొట్టు పెట్టించుకుని డ్యూటీకి వచ్చాను.

లాగ్ 2. గురువారం

నిద్ర లేదు. జ్వరం లేదు. ఆకలి లేదు. కోపం మాత్రం దండిగా ఉంది.

నిన్న సాయంత్రం డ్యూటీ దిగి ఇంటికొస్తే తలుపు తెరుచుకోలేదు. ఇంటివారు ప్రయాణంలో ఉన్నారు అని తలుపు మీద అక్షరాలు వెలిగాయి. కుళాయి కట్టేశారు. ఫోను తీస్తే, ఈ నంబరు యజమానితోపాటు ఎగువపేటకు మారింది అని చూపించి ఆరిపోయింది. నా ఇంటి గుమ్మంలో నన్ను పరాయిదాన్ని చేశారు. పిన్ని ఇంట్లో పడుకున్నాను.

పొద్దున్నే పిన్ని ఫోనులోంచి కార్డు వాళ్ళకు చేశాను. సౌమ్య అనే గొంతు పలికింది. మనిషి కాదు, గొంతే. ముందుగా ముత్యం తరగతి కార్డు మీద ఒక ఆఫరు చెప్పింది, తర్వాత ఎగువపేట హోటళ్ళలో రాయితీల గురించి చెప్పింది, ఆ తర్వాత గానీ నా గోడు వినలేదు. విని చాలా సంతోషంగా అసలు సంగతి చెప్పింది. నా పట్టీ బుధవారం తొమ్మిదీ నలభైకి గుమ్మం దాటి తూర్పుకు కదిలింది. అంటే నేను తొందరగా బయలుదేరానన్నమాట. అందుకని నన్ను శనివారం బండి నుంచి బుధవారం బండికి ఉచితంగా మార్చేశారట. ఇది తమ కార్డువారికి మాత్రమే ఉన్న సౌకర్యమని కూడా చెప్పింది.

నేను ఎక్కలేదమ్మా, ఇక్కడే ఉన్నాను, నా కాళ్ళు రేవుపేట చెక్కల మీద ఉన్నాయి అన్నాను. అప్పుడు అది అన్న మాటను అక్షరం పొల్లుపోకుండా రాస్తున్నాను.

"మీరు ప్రయాణంలో ఉన్నారు, నూకరత్నం గారూ. తాడు మీద కొందరికి ఇంకా ఇంట్లోనే ఉన్నట్టు అనిపిస్తుంది. కంగారుపడకండి. అల్లం బిళ్ళ ఒకటి చప్పరించండి."

వంగి కాళ్ళ కింది చెక్కల్ని ఒకసారి తట్టి చూసుకున్నాను. 

మరి నా సీట్లో ఎవరూ లేరని బండిలోవాళ్ళకు తెలియదా అని అడిగాను. మనుషుల్ని లెక్కపెట్టే గేటు తీసేసి ఏళ్ళయింది, కార్డు మాటే గేటు మాట అంది. పట్టీ ఇంకా కిందే ఉంది కదా, చూడమన్నాను. చూసింది. నేను బండెక్కి బ్యాగు కింద మరిచిపోయానని రాసుకుంది. మళ్ళీ చేస్తే మళ్ళీ మొదటి నుంచీ ఆఫర్లు. తొమ్మిదిసార్లు చేశాను. తొమ్మిదిసార్లూ అల్లం బిళ్ళే.

లాగ్ 3. శుక్రవారం

పొద్దుటి నుంచీ ఏమీ తినలేదు. జ్వరం లేదు.

పొద్దున పదకొండింటికి నేను ఎగువపేట చేరానట. పిన్ని ఫోనుకు సౌమ్యే స్వయంగా చేసి చెప్పింది. ప్రయాణం ఎలా జరిగిందో ఒకటి నుంచి అయిదు వరకూ ఒక అంకె చెప్పమంది. నేను చెప్పింది అంకె కాదు, దాన్ని ఇక్కడ రాయను.

తాడు మొదట్లో ఉన్న టికెట్ల గదికి పరుగెత్తాను. అక్కడా గోడలో పలికే గొంతే. రేపటి బండికి ఇంకో టికెట్టు ఇమ్మన్నాను. వేలు పెట్టమంది, పెట్టాను. మీరు పైన ఉన్నారు, పైన ఉన్నవారికి కింది నుంచి టికెట్టు ఇవ్వడం కుదరదు అంది. వేలు ఇక్కడుంటే మనిషి పైన ఎలా ఉంటుందే అని అరిచాను. వేలు సరిపోయింది, ధన్యవాదాలు అంది. పిన్ని పేరు మీద తీసుకుందామంటే ఆవిడకు కార్డు లేదు. కొత్త కార్డు ఇవ్వడానికి సిద్ధమే, చక్కని ఆఫరు కూడా ఉందట, చేతికి రావడానికి ఇరవై రోజులు పడుతుందట. గోడకు చెప్పుకున్నా ఇంతకంటే నయం, గోడ ఆఫర్లు ఇవ్వదు.

సరే, ఆసుపత్రికైనా చెబుదామని వెనక్కి వచ్చి పిన్ని ఫోనులోంచి అసిరి వార్డుకు చేశాను. వార్డువాళ్ళు నమోదైన బంధువుల నంబర్లే ఎత్తుతారు. నమోదైన నంబరు నాది. అదిప్పుడు పైన, నేనెరగని ఏ గదిలోనో ఉంది. ఆఖరికి ఆసుపత్రి విచారణకు చేస్తే అక్కడి గొంతు వివరాలు చదివి వినిపించింది. దాత ఉదయం పదకొండు గంటలకు చేరారు. విశ్రాంతి గదిలో ఉన్నారు. రోగికి సాయంత్రం నాలుగింటికి మందు మొదలైంది.

అప్పటికి టైము నాలుగూ ఇరవై.

 ఆ దాత నేనేనని, ఇక్కడే ఉన్నానని, మందు ఆపమని బతిమాలాను. దాత గురించిన ఫిర్యాదు దాత నంబరు నుంచే రావాలంది. డాక్టరుగారికి ఒక్క మాట చెప్పమన్నాను. బయటివారి మాటలు చేరవేయడానికి అనుమతి లేదంది. పెట్టేసింది.

ఇంతసేపూ కార్డువాళ్ళ మొండితనం మీదే మండిపడుతున్నాను. అవతల చెల్లెలి నరంలోకి మందు దిగుతోందని నాకు తట్టనేలేదు. నేలమీద చతికిలబడ్డాను. పిన్ని నా పక్కన కూర్చుని ఏడ్చింది. "నా నోరు పడిపోను, ఆ బ్యాగు పెట్టమన్నది నానే కదే," అంది. ఆవిణ్ణి ఏమనను, మోసుకెళ్ళి పెట్టింది నేనే కదా.

వేళ్ళమీద లెక్కేశాను. మందు శుక్రవారం మొదలైంది. మంగళవారానికి నేను ఆ బల్లమీద ఉండాలి. రేపటి బండి ఎక్కితే సోమవారానికి చేరతాను. అది తప్పితే బుధవారం బండి, అది చేరేది శుక్రవారం. అప్పటికి అంతా అయిపోతుంది.

లాగ్ 4. శనివారం

ఇది రాస్తున్నది ఎక్కడ కూర్చుని అంటే నమ్మేవాళ్ళుండరు. వరసగా రాస్తేనే నాకైనా నమ్మకం కలిగేలా ఉంది.

పొద్దున ఏడింటికి సౌమ్యకు చేశాను. అరవడానికి ఓపిక లేదు. ఏడుపుగొంతుతోనే, నన్ను పైకి పంపించు తల్లీ అన్నాను. మీరు పైనే ఉన్నారు కాబట్టి మిమ్మల్ని పంపలేం అంది. అంతటితో ఆగితే నేను ఫోను నీళ్ళలోకి విసిరేసేదాన్నే. కానీ అది ఆగలేదు. మీ సామాను కింద ఉండిపోయినందుకు చింతిస్తున్నాం, మరిచిపోయిన సామాను తర్వాతి బండిలోనే ఉచితంగా చేరుస్తాం, పంపమంటారా అని అడిగింది.

వద్దు అనబోయి నోరు మూసుకున్నాను. రెండు రోజులుగా నేను మనిషినని చెబితే ఒక్క గొంతూ వినలేదు. సామాను అంటే ఎంత మర్యాదగా అడుగుతోంది.

పంపమన్నాను. ఎన్ని కిలోలని అడిగింది. యాభై ఎనిమిది అన్నాను. పగిలేదా అని అడిగింది, కాస్త అన్నాను. ప్రాణం ఉన్నదా అంటే ఉందన్నాను. అయితే గాలి ఉండే అరలో పెట్టిస్తామంది. మేత ఏమిటి అని అడిగింది. అన్నం, పులుసు అన్నాను. రాసుకుంది. రెండు రోజుల్లో నాకు దక్కిన మొదటి అవును అది. సంతోషపడాలో సిగ్గుపడాలో తెలియలేదు.

పదిన్నరకు సామాను తీసుకెళ్ళడానికి తవిటినాయుడు వచ్చాడు. తాడు మొదట్లో సరుకు ఎక్కించే మేస్త్రీ, అరవయ్యేళ్ళ మనిషి. ఈ మూడు రోజుల్లో నా కంటపడిన మొదటి పనివాడు, గొంతు కాదు. సామాను ఎక్కడమ్మా అన్నాడు. నేనే అన్నాను. బ్యాగు పట్టీ అప్పటికే విప్పి నా మణికట్టుకు కట్టుకుని ఉన్నాను.

ఆయన నన్ను చూశాడు, పట్టీని చూశాడు, తన చేతిలోని పలకను చూశాడు. నేను జరిగిందంతా చెప్పాను.  ఆయన గడప మీద కూర్చున్నాడు. మనుషుల బండి తలుపు తన మాట వినదని, సరుకు తలుపు వింటుందని, ఇలా ఎక్కించానని తెలిస్తే తన ఉద్యోగం పోతుందని చెప్పాడు.  ఆయన ఉద్యోగం నేనెలా అడగను.

ఆయనే లేచి, పలక ఎత్తి నా మణికట్టు మీద ఆనించాడు. పచ్చదీపం వెలిగింది.

"ఇరవయ్యేళ్ళలో మేకల్ని ఎక్కించేను, కోళ్ళని ఎక్కించేను. మనిసిని సామానని ఒప్పుకోడం ఈ యంత్రానికి ఇంత తేలికని నాకు తెలీదమ్మా," అన్నాడు. ఆయన ముఖం పాలిపోయింది. "లెగు. టయిమవుతంది."

కోడిపిల్లల అరలో ఒక మూల గోనెలు పరిచి కూర్చోబెట్టాడు. తన నీళ్ళసీసా, అన్నం మూట నాకిచ్చేశాడు. తలుపు వేసేముందు ఎందుకో నమస్కారం పెట్టాడు. నేను కూడా పెట్టాను. పన్నెండింటికి బండి కదిలింది.

లాగ్ 5. ఆదివారం

కునుకు పట్టలేదు. జ్వరం లేదని అనుకుంటున్నాను. తవిటినాయుడు అన్నం సగం తిన్నాను.

కోడిపిల్లలు నాలుగువందలు. నిన్న చెవులు చిల్లులు పడేలా అరిచాయి. ఇవాళ ఒళ్ళు తేలికైపోయి వాటికీ నాకూ ఎటు కాలు పెట్టాలో తెలియడం లేదు. ఒకటి గాల్లో తేలుతూ వచ్చి నా ఒళ్ళో పడింది. దాన్ని అక్కడే ఉండనిచ్చాను.

గంట గంటకూ దీపం ఒకటి వచ్చి నా పట్టీని చూసి, సామాను క్షేమం అని పలికి పోతుంది. మనిషిగా ఉన్నప్పుడు నా క్షేమం ఎవరూ అడగలేదు.

పైన ఏం జరుగుతోందో తలుచుకుంటే భయంగా ఉంది. మూడో రోజు మందు ఎక్కుతూ ఉంటుంది. నేను పైకి వచ్చేశానని అసిరికి చెప్పే ఉంటారు. అప్ప వచ్చిందని ధైర్యంగా ఉండి ఉంటుంది, పోనీలే, అదొక్కటీ మేలు అనుకున్నాను. రేవుపేటలో మమ్మల్ని ఎరిగినవాళ్ళందరికీ తెలుసు, అది చిన్నప్పుడు నేను పక్కన లేనిదే నిద్రపోయేది కాదు.

లాగ్ 6. సోమవారం

బెంచీ మీద కూర్చుని రాస్తున్నాను. అక్షరాలు ఎలా వస్తున్నాయో చూడటం లేదు.

పదకొండింటికి బండి ఆగింది. సామాన్ల కిటికీ దగ్గర నన్ను తీసుకోవలసిన యజమాని పేరు పిలిచారు. నూకరత్నం. నేనేనని వేలు పెట్టాను. సామాను అందింది, యజమాని సంతృప్తి చెందారు అని గొంతు పలికింది. నన్ను నేనే తీసుకుని బయటపడ్డాను. దుస్తుల నిండా నూగు, వాసన. అలాగే ఆసుపత్రికి పరుగెత్తాను. పరుగు అంటే పరుగు కాదు, ఈ తేలిక ఊళ్ళో అడుగుకోసారి కప్పుకు తగులుతూ వెళ్ళాను.

డాక్టరు బెహరా గారు నన్ను చూసి కుర్చీలోంచి లేచారు.  మీరు విశ్రాంతి గది నుంచి పారిపోయారు కదా అన్నారు. నేను ఇప్పుడే దిగాను బాబూ, కోళ్ళతో వచ్చాను అన్నాను. ఒంటి మీద ఈకలు చూశారు, పట్టీ మీద దిగిన టైము చూశారు. ఆయన ముఖంలో రక్తం ఇంకిపోవడం కళ్ళారా చూశాను. చేరినట్టు కాగితం వచ్చింది, మందు మొదలుపెట్టాను, మనిషిని చూడలేదు అన్నారు. అదే మాట మళ్ళీ అన్నారు.

తర్వాత ఆయన చెప్పింది నేను ఊహించనిది. శుక్రవారం నుంచీ అసిరి నా నంబరుకు చేస్తూనే ఉంది. నంబరు ఇక్కడి విశ్రాంతి గదిలో మోగుతూనే ఉంది. ఎత్తేవాళ్ళు లేరు. నిన్న సాయంత్రం మనిషిని పంపితే గది ఖాళీ. దాత మనసు మార్చుకుని ఊళ్ళో ఎక్కడో దాక్కుందని అందరూ అనుకున్నారు. వెతికి పట్టుకురావడానికి కావలివాళ్ళను పిలవబోతే అసిరి వద్దందట. ఒక కాగితం రాసి ఇచ్చిందట. ఆయన దాన్ని బల్లమీంచి తీసి నా చేతిలో పెట్టారు.

దాని చేతిరాతే. మందు మూడో రోజు రాత, వంకరటింకరగా ఉంది.

"మా అప్పని ఎవరూ ఎతకొద్దు. దానికి సిన్నప్పట్నుంచి సూదంటే బయం. ఇంతదూరం వచ్చిందే సాలు. నాను పోయినా ఆ మాట దాన్ని అనొద్దు. దానికి కబురెట్టేటప్పుడు మందే పనిచెయ్యలేదని సెప్పండి."

నేను చదివాను. మళ్ళీ చదివాను. మూడు రోజులు అది నేను ఈ ఊళ్ళోనే ఉన్నాననుకుంది. నాలుగు వీధుల అవతల ఉండి చూడటానికి రాలేదనుకుంది. అలా అనుకుని కూడా తిట్టలేదు, తను చచ్చాక నా మీద మాట రాకుండా దారి చూసిపెట్టింది.  

వార్డు అద్దం దగ్గరికి తీసుకెళ్ళారు. అవతల అసిరి మంచం మీద ఉంది. తలమీద ఒక్క వెంట్రుక లేదు. నన్ను చూసి ముందు నమ్మలేదు, కళ్ళు మూసి మళ్ళీ తెరిచింది. గోడలోని చిన్న చిల్లుల్లోంచి దాని గొంతు సన్నగా వినపడింది.

"బలవంతంగా తెచ్చేరా అప్పా?"

కాదన్నాను. తల కూడా అడ్డంగా ఊపాను. అది ఇంకా అనుమానంగానే చూస్తోంది. ఎవరు పట్టుకొచ్చారా అని నా వెనక్కి చూస్తోంది.

ఈ కాగితం ఉండగా ఎవరూ నన్ను ముట్టుకోవడానికి లేదట. దాత స్వయంగా కింద రాసి ఇవ్వాలి అన్నారు డాక్టరుగారు. ఇక్కడ నాతో మాట్లాడిన మనిషి ఆయన ఒక్కరే, మిగతావి గొంతులు. ఆయన కలం ఇచ్చారు. అసిరికి కనపడేలా కాగితం అద్దానికి ఆనించి, దాని అక్షరాల కిందే రాశాను.

సూదంటే భయం నిజం. దాక్కున్నానన్నది అబద్ధం, ఇవాళే చేరాను. ఇష్టపడే ఇస్తున్నాను.

అది పెదవులు కదుపుతూ చదువుకుంది. చదివాక అటు తిరిగి పడుకుని ఏడ్చింది, భుజాలు కదలడం తెలుస్తోంది. ఏడవకే, నీరసం వస్తుంది అన్నాను. 

వచ్చినవాళ్ళకు నాలుగు రోజుల విశ్రాంతి ఉండాలట, నాకు లేదు. రేపటిదాకా ఆగకుండా ఇప్పుడే తీస్తామన్నారు. నడుం ఎముకలోకి దించుతారు, సూది జానెడు ఉంది, చూశాను, చూడకుండా ఉండాల్సింది.  తలుపు తీశారు, బోర్లా పడుకోమంటున్నారు.